వంక పెట్టలేని పడవ

పెళ్లిచూపులకు వెళ్లి పిల్లకు వంకలు పెట్టే ఆడవాళ్లను చాలామందిని చూశాను. పడవకు వంకలు పెట్టిన ఆడదాన్ని మాత్రం నన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలమంతా నేను చేసిన పని అదే. మా తమ్ముడు అప్పుడు నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో ఇప్పటికీ ఏడిపిస్తాడు.

మేం ఉప్పల్‌లో నల్లచెరువుకు దగ్గర్లో ఉండేవాళ్లం. మా ఆయన తాతముత్తాతలు ఆ చెరువులో చేపలు పట్టి బతికినవాళ్లు. ఆయన మాత్రం పదో తరగతి తప్పగానే వల అటక మీద పడేసి, నాచారంలో రేకు డబ్బాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద చేరాడు. నెలజీతం, ప్యాంటు షర్టు, సైకిలు హ్యాండిల్‌కు టిఫిన్ బాక్సు. చేపల వాసన లేని అల్లుడు దొరికాడని మా అమ్మ మురిసిపోయింది. నేను బస్తీలో బాల్వాడీ నడిపేదాన్ని. ఇద్దరం కలిసి సంసారాన్ని గుట్టుగానే లాక్కొచ్చేవాళ్లం.

ఒక చలికాలం ఆ మిషన్ కింద ఆయన కుడిచెయ్యి పడింది. దవాఖానా నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. నొప్పిని ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది అన్నం దగ్గర. ఎడమచేత్తో తినేవాణ్ని మన ఇళ్లల్లో ఎట్లా చూస్తారో తెలిసిందే. పిల్లలు కంచంలో ఎడమచెయ్యి పెడితే బాల్వాడీలో నేనే ఒక్కటి వేసేదాన్ని. ఆయన గోడవైపు తిరిగి కూర్చుని, చెంచాతో నాలుగు మెతుకులు తిని కంచం పక్కకు జరిపేవాడు. కలిపి పెడతానంటే నోరు తెరిచేవాడు కాదు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పెళ్లంటే బంతిలో కూర్చోవాలి కదా.

ఎండలు ముదిరే వేళకు తన వస్తువులు ఒక్కొక్కటే పంచిపెట్టడం మొదలుపెట్టాడు. సైకిలు మా తమ్ముడికి ఇచ్చేశాడు. చేతిగడియారం పక్కింటాయనకు ఇచ్చాడు. పెళ్లిలో మా నాన్న పెట్టిన ఉంగరం తెచ్చి నా బట్టల పెట్టెలో పెట్టాడు. ఎందుకయ్యా అంటే, "నేనేం జేసుకుంట" అన్నాడు. ఆ వారంలోనే ఒక పొద్దున చెరువు కట్ట మీది నుంచి వచ్చి, "ఒక పడవ సూడాలె. పాతదైనా సరే" అన్నాడు.

మా వాళ్లందరికీ పండుగైంది. చేపల సొసైటీలో వాళ్ల నాన్న సభ్యత్వం ఈయన పేరు మీదికి ఎప్పుడో మారింది. పడవ ఉంటే చెరువులోకి దిగొచ్చు, చెయ్యి పోయినా కులవిద్య పోలేదు, పిల్లగాడు మళ్లీ మనిషవుతున్నాడు అని అంతా సంబరపడ్డారు. నేను మాత్రం సంబరపడలేదు. ఉన్నవన్నీ పంచిపెట్టిన మనిషి పడవ కావాలంటున్నాడు. అడిగింది చేపల కోసం కాదేమోనని నా భయం. నడిచెరువులోకి ఒంటరిగా పోయి తిరిగి రాకూడదని అనుకుంటున్నాడేమోనని భయం. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే తథాస్తు దేవతలు వింటారంటారు. ఎవరితోనూ అనకుండా నేను చేయగలిగింది ఒక్కటే, వచ్చిన ప్రతి పడవకూ ఒక వంక పెట్టడం. పడవ దొరకనన్ని రోజులు మనిషి నా కళ్ల ముందు ఉంటాడు.

పడవ చూసే పెద్దరికం మా చినమామది, అంటే మా ఆయన చిన్నాయనది. చెరువులోనే తల నెరిసిన మనిషి. ఒంటిచేతి వాడికి ఎట్లాంటి పడవ కావాలో ఆయనకు బాగా తెలుసు. పదేళ్లు ఆగాలి. ఏటేటా మరమ్మతు అడగొద్దు. అతుకుల్లో నార కుక్కి తారు పూయడమంటే రెండు చేతుల పని. పడవను ఒడ్డుకు లాగడం ఒక్కడికి చేతనవ్వాలి. ఇవన్నీ ఆయన గొంతుక్కూర్చుని చెబుతుంటే మా ఆయన తల ఊపేవాడు, అంతే. నేనూ వస్తానన్నాను.

"ఆడదానివి, నీకేం పని బిడ్డా పడవకాడ" అన్నాడు చినమామ.

"మా ఇంట్లకు బిందె వచ్చినా నేను కొట్టి సూడంది రాదు మామా. పడవెట్ల వస్తది" అన్నాను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. మా వాళ్లలో చేపలు గంపకెత్తి అమ్మేది ఆడవాళ్లే, బేరమాడేది ఆడవాళ్లే, వల చిరిగితే కుట్టేదీ వాళ్లే. పడవలో కాలు మాత్రం పెట్టకూడదు. పెడితే గంగమ్మకు కోపమట. గంగమ్మా ఆడదే కదా, తోటి ఆడదాని మీద ఆమెకెందుకు కోపం అని కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకసారి అడిగి, మా అత్తతో తిట్లు తిన్నాను. అందుకని వస్తే ఒడ్డున నిలబడి చూడమన్నారు. సరేనన్నాను.

మొదటి పడవ నాగోల్‌లో, మూసీ ఒడ్డున. కట్టె పడవ. బోర్లించి, మీద గోనెసంచులు కప్పి ఉంది. చినమామ దాన్ని చూడగానే కరిగిపోయాడు. పలక పలకనూ గొడ్డును నిమిరినట్టు నిమిరాడు. "కట్టె పడవ తల్లిలెక్క. తప్పు జేసినా ముంచది" అన్నాడు. అమ్మే ఆయన తారు నిరుడే కొత్తగా పూశానని చెప్పాడు. నేను జాకెట్టుకున్న పిన్నీసు తీసి, పడవ ముక్కు దగ్గర, వాననీళ్లు నిలిచే చోట పొడిచాను. బెల్లంలోకి దిగినట్టు దిగింది. ఇంకోచోట పొడిచాను. అక్కడా దిగింది.

"మామా, తల్లికి పండ్లు ఊడినయ్" అన్నాను.

అమ్మే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. చినమామ నాతో ఉప్పల్ వచ్చేదాకా మాట్లాడలేదు. మా ఆయన మాత్రం నా పిన్నీసు వంక ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకు అంతుపట్టలేదు.

రెండో పడవ మా తమ్ముడు తెచ్చిన సంబంధం. వాడు నాచారంలో ఒక షెడ్డులో వెల్డర్. ఆ పక్క షెడ్డులోనే ఇనుప పడవ ఒకటి ఉంది. ఏదో చెరువులో గుర్రపుడెక్క తీయడానికి ఒక కాంట్రాక్టరు చేయించాడట, పని అయిపోయాక అమ్మకానికి పెట్టాడు. నీలిరంగు పెయింటు నిగనిగలాడుతోంది. నాచారం మనుషులకు ఒక జబ్బు ఉండేది. లోకంలో చెడిపోయిన వస్తువంటూ ఉండదని, వెల్డింగు పెడితే అన్నీ బాగవుతాయని వాళ్ల నమ్మకం. కుర్చీ విరిగినా వెల్డింగే, గేటు కుంగినా వెల్డింగే. పెళ్లాం అలిగితే కూడా వెల్డింగు పెడతారేమో అని నేను మా మరదలితో అనేదాన్ని.

"బావా, ఇది ఇనుము. కట్టె లెక్క మురుగది, తారు అడగది. ఎన్నడన్న బొక్క వడ్డదనుకో, నేను లేనా. రెండు నిమిషాల పని" అన్నాడు తమ్ముడు.

మా ఆయన ఎడమచేత్తో దాని అంచు పట్టి లేపి చూశాడు. కదల్లేదు. అయినా ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే సరేనన్నట్టే అవుతుందని నాకు కంగారు పుట్టింది. వంగి, పడవ అడుగున చేతి గాజుతో గీకాను. పెయింటు లేచింది. దాని కింద లప్పం లేచింది. లప్పం కింద ఇనుము ఉండవలసిన చోట బియ్యపుగింజంత వెలుతురు కనిపించింది.

"పైన పటారం, లోన లొటారం" అన్నాను.

తమ్ముడికి పౌరుషం వచ్చింది. "గింతదానికే నవ్వుతవా అక్కా, ఇప్పుడే మూసి సూపిస్త" అని, అమ్మే ఆయన వద్దంటున్నా వినకుండా తన షెడ్డులోంచి వెల్డింగు తీగ లాక్కొచ్చాడు. ముఖానికి నల్లద్దం పెట్టుకుని కూర్చున్నాడు. చిటపటమని నిప్పులు రాలాయి. అద్దం తీసి చూస్తే బియ్యపుగింజ శనగగింజ అయింది. రేకు తుప్పు తిని కాగితంలా ఉందేమో, వేడి తగలగానే కరిగిపోతోంది. మళ్లీ పెట్టాడు. రూపాయి బిళ్లంత అయింది. ఇంకొకసారి అన్నాడు. చినమామ చెయ్యి పట్టుకుని ఆపేసరికి పిల్లి దూరేంత అయింది.

అమ్మే ఆయన లబోదిబోమన్నాడు. పడవ ఇక మీదే, తీసుకుపోండి అని అడ్డం నిలబడ్డాడు. చివరికి ఆయన ఇంటి గేటు, కిటికీ చువ్వలు తమ్ముడు ఊరికే చేసిపెట్టేటట్టు ఒప్పందమై బయటపడ్డాం. రోడ్డెక్కాక చినమామకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వు చూసి తమ్ముడూ నవ్వాడు. నేను మా ఆయన వైపు చూశాను. చెయ్యి పోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు. ఆ రోజు పెదవి ఒక పక్కకు కొంచెం లాగినట్టయింది. దాన్ని నవ్వే అని లెక్కేసుకుని ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే చాయ్ ఇచ్చాను. గ్లాసు ఎడమచేత్తో తీసుకుని, "నీకు పడవ ఇష్టం లేదా" అని అడిగాడు.

"మంచిది దొరికితే ఎందుకిష్టం లేదు."

"నీకెన్నడు దొరకది" అన్నాడు. ఆ తరువాత, "నీళ్లమీద ఉంటె చెయ్యి సంగతి యాదికి రాది" అన్నాడు.

ఆ మాటతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది. ఏం యాదికి రాకుండా పోవాలనుకుంటున్నాడో అడగాలనిపించింది. అడిగితే నిజం చెబుతాడేమోనని అడగలేదు. కోపం కూడా వచ్చింది. ఆయన చేతిని మిషన్ తిన్నది నిజమే గాని, ఆ చెయ్యి పట్టుకుని ఏడడుగులు నడిచినదాన్ని నేను. నన్ను ఒక్క మాట అడగకుండా ఈ మనిషి ఎక్కడికి పోతాడు అనుకున్నాను. ఆ కోపాన్ని వంటింట్లో గిన్నెల మీద చూపించాను.

మూడో పడవ పీర్జాదిగూడ అవతల. అక్కడొక కుంట ఉండేది. దాన్ని మట్టితో పూడ్చి ప్లాట్లు చేస్తున్నారు. హద్దురాళ్లకు సున్నం కూడా వేశారు. ఒక మూల మడుగులా కొంచెం నీళ్లు మిగిలాయి. ఆ మడుగు ఒడ్డున ఫైబర్ పడవ ఒకటి ఉంది. అమ్మే ఆయనకు మా ఆయన ఈడే ఉంటుంది. దిగులుగా ఉన్నాడు.

"పడవలో తప్పేం లేదన్నా. చెరువే పోయింది" అన్నాడు. చినమామ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

నేను నా పని మొదలుపెట్టాను. పిన్నీసు దిగలేదు. గాజుతో గీకితే గీత పడలేదు. మోకాలితో అదిమితే మెత్తబడలేదు. తమ్ముడు నాణెంతో అడుగంతా కొట్టి విన్నాడు. ఫైబర్ పొరలు ఎక్కడైనా విడిపోతే అక్కడ మోత మొద్దుగా వస్తుందట. అంతటా ఖంగుమనే వచ్చింది. చినమామ తన పద్ధతిలో చూశాడు. మా వాళ్లు పాత పడవను మొదట నీళ్లలో వేసి చూడరు. గట్టు మీద ఇటుకల మీద నిలబెట్టి, దాంట్లోనే నీళ్లు నింపి చూస్తారు. నీటిలో వేస్తే చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. లోపల నింపితే బయట ఎక్కడ చుక్క కట్టిందో కనిపిస్తుంది. అందరం తలా ఒక బకెట్టు పట్టుకుని నింపాం. నింపి, తుమ్మచెట్టు కింద కూర్చున్నాం.

మిగతావాళ్లు చుక్క రావద్దని చూస్తున్నారు. నేను ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క రావాలని మొక్కుతున్నాను. దూరంగా కీసర గుట్ట కనిపిస్తుంటే అటు తిరిగి శివయ్యకు కూడా మొక్కాను. పడవకు చిల్లు పడాలని దేవుడికి మొక్కిన ఆడది ఎక్కడైనా ఉంటుందా అని అప్పుడే నాకు సిగ్గేసింది. చినమామ లేచి అడుగంతా చేత్తో తడిమి వచ్చాడు. చెయ్యి పొడిగా ఉంది.

"దీనికి తారొద్దు, పెయింటొద్దు. కడిగితె చాలు. ఒక్కడు లాగొచ్చు. ఇంక ఫికర్ లేదురా" అన్నాడు మా ఆయనతో.

"మస్తు తేలికుంది. గాలికి పోతది" అన్నాను నేను.

నా గొంతు నాకే వేరేగా వినిపించింది. తమ్ముడు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. నీళ్లు పారబోసి పడవను మడుగులోకి తోశారు. మా ఆయన చెప్పులు విడిచి ఎక్కాడు. పడవ ముక్కుకు కట్టిన తాడు రెండో కొన నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు.

ఆయన గడను ఎడమచేత్తో పట్టి, పై కొనను కుడి చంకలో ఇరికించి అడుగున ఆనించి తోశాడు. పడవ ఒకవైపుకే తిరిగింది. ఇంకోసారి తోశాడు. మళ్లీ తిరిగింది. మూడోసారి మోచేతి మడతలో గడను బిగించి ఒరిగి తోసేసరికి సూటిగా పోయింది. నడుము వంచడం, కాలు ఆనించడం చూస్తే, ప్రెస్ మిషన్ మీద ఏళ్లు గడిపిన మనిషిలా లేడు. ఆ మడుగులో అంత అందంగా కనబడ్డాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. తాడు బిగిసింది. పడవ ఆగింది.

"తాడు ఇడువమ్మా, జర దూరం పోయి రానీ" అన్నాడు అమ్మే ఆయన.

నేను వదల్లేదు. చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా" అన్నాడు చినమామ.

తల అడ్డంగా ఊపాను. మా ఆయన పడవలో నిలబడి తాడు వెంబడే చూపు జరుపుకుంటూ వచ్చి, నా చేతి దగ్గర ఆపాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు ఆయనకు తెలిసిపోయింది. పిన్నీసు ఎందుకో, గాజు ఎందుకో, ఆ ఎండాకాలమంతా నేను ఏం వెతికానో మొత్తం తెలిసిపోయింది. ఆయన ముఖంలో అది నాకు కనిపించింది. ఆయన కళ్లు దించుకున్నాడు. గడ తోసుకుంటూ మెల్లగా ఒడ్డుకు, సరిగ్గా నా కాళ్ల ముందుకు వచ్చాడు.

"గడ అయితె ఎయ్యగల్గుత" అన్నాడు. తాడు పొడవంత దూరంలో కాదు, నాకు మాత్రమే వినబడేటంత దగ్గర్లో నిలబడి అన్నాడు. "వల ఇసురుడు నాతోని గాదు. దానికి రెండు చేతులు గావాలె. నువ్వు ఇసురుతవా?"

ఆ మనిషి నన్ను అన్నం కలపమని కూడా అడగలేదు. చెయ్యి పోయాక నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి సాయం అది.

"నాకు రాదు" అన్నాను.

"నేర్పిస్త."

"ఎన్ని దినాలు వడ్తది?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే లెక్క వేశాడు. "దినాలేంది. మోచేతుల మీద వల సక్కగ నిలవాలంటెనే వానకాలం ఎల్లిపోతది. గుండ్రంగ వడాలంటె మల్ల ఎండకాలం రావాలె. ఒక ఏడు వడ్తది. నీకైతె ఇంక రెండు నెలలు ఎక్కువనే" అన్నాడు.

పడవ వెనక చివరకు జరిగి నాకు చోటు చేశాడు. నేను చినమామ వైపు చూశాను. ఆ పెద్దమనిషి మాకు వీపు పెట్టి, కీసర గుట్టను అంతకుముందు ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. చీర కొంగు నడుముకు దోపుకుని ఎక్కాను. పడవ ఊగింది. ఆయన ఎడమచెయ్యి చాపాడు, పట్టుకున్నాను. ఆయన మాట నాకు తెలుసు. అన్న మాట ఏనాడూ తప్పిన మనిషి కాదు. ఏడాది అన్నాడు. నాకు కావలసింది అదే. రెండో చేతికి చుట్టుకున్న తాడును విప్పి ఒడ్డు మీదికి విసిరేశాను.